చద్దర్ల బండి నంబరు

"చద్దర్ల బండి మా దిక్కు ఎప్పుడొస్తది బిడ్డా?"

ఫోన్‌లో ముసలి గొంతు. వెనుక ఎక్కడో మేక అరుస్తోంది. వందన పీట మీద నుంచి లేవకుండానే, చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "ఏ ఊరవ్వా మీది?" అని అడిగింది.

"వీర్నపల్లి. కోడలికి నెలలు నిండినయ్. మెత్తటియి రెండు గావాలె."

"గురువారం వస్తది."

"పక్కానా?"

"పక్కా అవ్వా. ఆ పొద్దు పత్తి ఏర పోకుండ్రి మరి. ఇంటికాడ మనిషి లేకుంటె బండి ఆగదు."

"గంతె, గంతె. సల్లగుండు," అని ముసలమ్మ పెట్టేసింది.

నిజానికి వందనకు ఏ బండీ లేదు. చద్దర్లు అమ్మేది ఆమె తండ్రి గంగారాం. ఆయనతో ఆమె మాట్లాడక ఆరేండ్లయింది. ఆ బండి ఏ రోజు ఏ ఊరికి పోతుందో ఆమెకు తెలిసే దారే లేదు. గురువారం అన్నది నోటికొచ్చిన రోజు.

గంగారాం ఒకప్పుడు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు. నూలు ధర పెరిగి, గుడ్డ అడిగేవాడు కరువై, సాంచాలు ఇనుప సామాను వాళ్లకు తూకానికి పోయాక, ఒక పాత ట్రాలీ ఆటో కొని ఊరూరా చద్దర్లు, తువ్వాలలు అమ్మడం మొదలుపెట్టాడు. బండి అన్నాక మైకు ఉండాలి కదా. ఆయన భార్య సత్యవ్వది కోరుట్ల. అక్కడ ఆమెకు తమ్ముని వరసయ్యే సంపత్‌కు మైకు సెట్ల దుకాణముంది. వందన డిగ్రీ చదువుతున్న రోజులవి. ముగ్గురూ ఆటోలోనే కోరుట్ల పోయారు.

ఏం చదవాలో వందన ముందు రోజే కాగితం మీద రాసుకుంది. "గౌరవనీయులైన గ్రామ ప్రజలకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టగానే సంపత్ రికార్డింగు ఆపేశాడు.

"కోడలా, ఓట్లు అడుగుతున్నవా, చద్దర్లు అమ్ముతున్నవా?"

సత్యవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వందన కాగితం మడిచేసి, ఉడుకుమోత్తనంతో, పక్కింటి వాళ్లను పిలిచినట్టు పిలిచింది.

"అవ్వలారా, అక్కలారా, వదినెలారా! సిరిసిల్ల చద్దర్లొచ్చినయ్. తువ్వాలలొచ్చినయ్, లుంగీలొచ్చినయ్. పట్టి చూడుండ్రి, గుంజి చూడుండ్రి, నచ్చితెనే తీస్కోండ్రి. బండి పోయినంక యాదికొస్తె ఫోన్ జెయ్యుండ్రి."

ఆ తర్వాత నంబరు. ఆ నంబరు వందనదే. బండి నడిపే మనిషి ఫోన్ ఎత్తలేడు, ఇంట్లో ఉండి ఊరి పేరు రాసి పెట్టుకునేది తనే కాబట్టి తన నంబరే చెప్పింది. సంపత్ ఆ మాటలను గోరంత మెమరీ కార్డులోకి ఎక్కించి, మైకు డబ్బా పక్కనున్న సందులో టక్కున నొక్కాడు. డబ్బా అప్పటికే పాతది. రెండు జీబీ దాటిన కార్డు పెడితే గుర్తుపట్టదు. ఆటో నడిచినంత సేపూ అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి.

తర్వాత వందనకు జగిత్యాల నితిన్‌తో పెళ్లయింది. ఆమెతో పాటు ఆ నంబరూ జగిత్యాలకు పోయింది. మరుసటేడు సత్యవ్వ కిడ్నీలు చెడి చనిపోయింది.

ఏడాది మాసికం ఇంకా కానే లేదు, గంగారాం నర్సవ్వను తెచ్చుకున్నాడు. వండి పెట్టే దిక్కు లేదని, బండి మీద పోయి వచ్చిన మనిషికి గడియ తీసేవాళ్లు ఉండాలని వాడకట్టంతా సర్దిచెప్పుకుంది. వందన సర్దుకోలేదు. ఒకనాడు ఆయన నర్సవ్వను వెంటబెట్టుకుని, చంకలో రెండు కొత్త చద్దర్లు పెట్టుకుని జగిత్యాల వచ్చి మేడమెట్లెక్కాడు. వందన జాలీ తలుపు తీయలేదు.

"అమ్మ మాసికాలు సుత ఒడువకపాయె. నీకు గింత తొందరేంది బాపు? ఇగ నువ్వు జగిత్యాలల కనవడకు. నీ బండి సప్పుడు సుత నాకు ఇనవడద్దు."

గంగారాం చద్దర్లు మెట్టు మీద పెట్టి దిగిపోయాడు. వాటిని వందన మర్నాడే కింద ఇంటి పనామెకు ఇచ్చేసింది.

ఆ మాట ఆయన దాటలేదు. ఇటు మేడిపల్లి దాకా వస్తాడు, అటు మల్యాల దాకా వస్తాడు, జగిత్యాల పొలిమేర మాత్రం తొక్కడు. ఈ సంగతి వందనకు ఎవరూ చెప్పలేదు. ఫోన్లు చెప్పాయి. చుట్టుపట్ల ఊళ్లన్నింటి నుంచీ ఫోన్లు వచ్చేవి గానీ, జగిత్యాల నుంచి ఒక్కటీ వచ్చేది కాదు.

ఆ గొడవ తర్వాత మొదటి ఫోన్ వచ్చిననాడు రాంగ్ నంబరు అనడానికే నోరు తెరిచింది. అవతల ఒక ఆడమనిషి, "నువ్వేనా బండిల మాట్లాడేది? నీ గొంతు నేను గుర్తువట్టిన," అని సంబరపడింది. వందనకు ఆ మాట ఎక్కడ తగిలిందో, "మంగళవారం వస్తది అక్కా," అనేసింది. అన్నాక భయపడింది. మంగళవారం బండి రాకపోతే ఆ మనిషి మళ్లీ చేసి నాలుగు మాటలు అంటుంది. అననీ అనుకుంది. కానీ ఆమె చేయలేదు. ఆమే కాదు, ఎవరూ చేయలేదు. పల్లె మనుషులు, మరిచిపోయి ఉంటారు అని వందన అనుకుంది.

రానురాను ఆ అబద్ధంలో కూడా ఆమె పద్ధతి పాటించడం మొదలుపెట్టింది. మల్యాల వాళ్లకు మంగళవారం, శనివారం చెప్పేది కాదు. ఆ రోజుల్లో కొండగట్టు గుడికి పోయే జనంతో రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, ఆటో నిలిపే జాగా దొరకదు. నాట్ల రోజుల్లో పొద్దుగూకినంక అనేది. ఒకే రోజు వీర్నపల్లి, మేడిపల్లి రెండూ చెప్పేది కాదు, అవి రెండు దిక్కులు. లేని బండిని ఇంత జాగ్రత్తగా తోలడమేమిటని తనకే నవ్వొచ్చేది. ఆ నవ్వు చూడటానికి ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. నితిన్ విత్తనాల కంపెనీ పని మీద పొద్దున పోతే దీపాలు పెట్టినాక వచ్చేవాడు. వచ్చాక అన్నం, టీవీ, నిద్ర. పిల్లలు ఇంకా కాలేదు. కింద ఇంటివాళ్లు ఆ సంగతి అడగడానికి తప్ప మెట్లెక్కేవారు కాదు. ఫోన్ మోగిందంటే అది చద్దర్ల కోసమే.

తండ్రి ఆ రికార్డింగు ఎందుకు మార్చడు అన్నది వందనను లోలోపల తొలిచే ప్రశ్న. ఆయనకూ ఫోన్ ఉంది. తన నంబరు పెట్టుకుంటే బేరాలు సూటిగా ఆయనకే వస్తాయి. పాత డబ్బా, కొత్త కార్డు పట్టదు, అందుకే అని ఒకరోజు జవాబు చెప్పుకునేది. పిసినారితనం అని ఇంకొకరోజు. మూడో జవాబు ఒకటి ఉండొచ్చు. దాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. రానిస్తే అది నిజం కాదని తేలే రోజూ వస్తుంది. అయితే ఒక్కటి మాత్రం ఆమెకు తెలుసు. ఆ గోరంత కార్డు ఉన్నన్నాళ్లే తండ్రి జాడ తనకు తెలుస్తుంది. అది పోయిందా, ఆ దారీ మూసుకుపోయినట్టే.

చలి మొదలైంది. ఏటా చద్దర్లకు ఇదే కాలం. పొయ్యి మీద కూర మాడిపోయేన్ని ఫోన్లు వచ్చేవి. ఈసారి వీర్నపల్లి ముసలమ్మ తర్వాత ఒక్కటీ రాలేదు. వందన ఫోన్‌ను చేతికందే చోట పెట్టుకుని తిరిగింది. స్నానానికి పోతే బయట కిటికీలో పెట్టింది.

"ఒకసారి నా ఫోన్‌కు చెయ్యుండ్రి, మోగుతుందో లేదో చూద్దాం," అని నితిన్‌ను అడిగింది.

ఆయన చేశాడు. మోగింది.

"మంచిగనే ఉన్నది. ఎవలన్న చేస్తె గద మోగేది," అని నవ్వాడు. "పీడ వోయింది తియ్. నాలుగేండ్ల సంది జెప్తున్న, ఆ సిమ్ము తీసి పారెయ్యమని."

వందన అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, బోర్లించి, తడి తుడిచింది. మర్నాడు నితిన్ పోగానే మేడిపల్లి నీలకు ఫోన్ చేసింది. నీల బీడీలు చేస్తుంది, ఏటా రెండు మూడుసార్లు చద్దర్ల కోసం చేసే మనిషి. వందన తనంత తాను ఒకరికి ఫోన్ చేయడం ఇదే మొదలు.

"అయ్యో నువ్వా!" అంది నీల. "బండి వచ్చిపోయింది. మైకే లేదు. మీ బాపు నోటితోని అరుసుకుంట పోతుండు. పాపం, గొంతు బొంగురువోయి కాకి అరిసినట్టున్నది. సగం మందికి ఇనవడనే లేదు. నేను సుత గుమ్మడికాయలోడు అనుకున్న."

"మైకుకు ఏమైందట?"

"నాకేమెరుక? నువ్వు ఆయన బిడ్డెవి, నన్నడుగుతవా?"

వందన ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, కోరుట్ల బస్సెక్కింది.

సంపత్ దుకాణం గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. మనిషెత్తు డీజే బాక్సులు, రంగు రంగుల లైట్లు. సంపత్‌కు జుట్టు నెరిసింది. గోరింటాకు రంగేసుకున్నాడు.

"ఎవలీమె?" అని అద్దాలు పైకెత్తి, "ఓ! సత్తక్క బిడ్డ! ఏం కోడలా, మామ బతికున్నడా సచ్చిండా అని చూడవస్తివా?"

"మామా, బాపు మైకు..."

"కూసో ముందు. చాయ్ తాగు."

"చాయ్ వద్దు మామా."

సంపత్ ఆమె ముఖం చూసి ఇక వేళాకోళం మానేశాడు. సొరుగు లాగి, చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి, మూత విప్పి అరచేతిలో పెట్టి చూపించాడు. నల్లటి కార్డు. మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి.

"ఖతమైంది. కంప్యూటర్ల పెడితె, అంత తుడిచేసి మల్ల కొత్తగ జెయ్యాల్నా అని అడుగుతది. నొక్కుతనన్న. మీ బాపు నా చెయ్యి వట్టుకున్నడు. నొక్కకు, అండ్లనే ఉన్నదేమో అన్నడు. లేదు బావా, అండ్ల ఏం లేదు అన్న. అయిన నొక్కనియ్యలే."

వందన ఆ కార్డు వైపే చూస్తోంది.

"గిసొంటి రెండు జీబీలు ఇప్పుడెక్కడియి? హైదరాబాద్‌ల సుత అడిగిన. దొరికిన ఏం లాభం, ఎక్కించేటందుకు మాటలుండాలె గద. నీ మాటలు రికార్డు జేసిన ఆ పాత ఫోను నేనెన్నడో పారేసిన. గందుకని కొత్త డబ్బా ఇస్త, పెన్‌డ్రైవ్ పెట్టుకో అన్న. మాటలు కంప్యూటరే చదువుతది, మనిషితోని పనే లేదు. ఇను, గిట్ల ఉంటది."

సంపత్ ఒక మీట నొక్కాడు. ఒక ఆడగొంతు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, నాణ్యమైన చద్దర్లు మీ ముంగిట్లోకి వచ్చాయని చెప్పింది. ఏ ఊరి మాటా కాదది. తప్పు మాత్రం ఒక్కటి లేదు.

"మీ బాపు గిది రెండుసార్లు ఇన్నడు. ఇని ఏమన్నడో ఎరుకనా? 'గీ పిల్ల ఫోన్ ఎత్తుతదా సంపత్?' అన్నడు."

"అంటే?"

"నేను సుత గట్లనే అడిగిన. కంప్యూటర్ ఫోనెత్తుడేంది బావా, నీ నంబరు పెడత, నువ్వే ఎత్తుకో అన్న. వద్దన్నడు. మరి బండి ఎప్పుడొస్తదో ఎవలు జెప్తరు అన్నడు."

వందనకు ఇంకా అందలేదు. సంపత్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు ఎవలికో చెప్తవట గద, ఫలానా రోజు వస్తదని. వాళ్లు బండి కనవడంగనే అడుగుతరు. లేకుంటె పక్కూరోళ్లతోని చెప్పి పంపుతరు. 'నీ బిడ్డ శుక్రవారమన్నది, వస్తవా మరి' అని. శుక్రవారం పోతడు. నువ్వు మంగళవారమంటె మంగళవారం పోతడు. ఆరేండ్ల సంది గదే కత. నేను తిట్టిన. ఒక్కనాడు మల్యాల, తెల్లారి వీర్నపల్లి, ఏం లెక్క బావా ఇది, డీజిల్ ఖర్చుకన్న వస్తదా అని. 'బిడ్డ చెప్పినంక పోకుంటె దాని మాట వోతది' అన్నడు. అక్కడికి పోతె ఎవలో ఒకలు చెప్తరట. నీ బిడ్డ మంచిగ మాట్లాడింది అని. జలుబు జేసినట్టున్నది అని. గదే ఆయనకు."

బయట రోడ్డు మీద లారీ ఒకటి వెనక్కి వస్తోంది. క్లీనరు దాని వెనుక చెయ్యి చరుస్తున్నాడు. ఎవరూ మళ్లీ ఫోన్ చేసి ఎందుకు తిట్టలేదో ఇప్పుడు తెలిసింది. ఆడుకుంటున్నాననుకుని తను చెప్పిన రోజులన్నింటికీ ఒక ముసలి మనిషి ఎండలో, వానలో ఆటో తోలాడు. ఒకసారి పొద్దుపోక, వాన కురుస్తున్ననాడే మేడిపల్లికి రేపే అని చెప్పింది. ఆ రేపు కూడా వాన కురిసింది.

"నాకు సుత బావ మీద కోపమే," అన్నాడు సంపత్ మెల్లగా. "సత్తక్క పోయి ఏడాది తిరగకముందే గా పని జేసిండని. గని ఏం జేస్తం. సరే, నువ్వొచ్చినవు, మంచిదాయె. నిలవడు. ఇప్పుడే మల్ల చదువు. కొత్త డబ్బాలకు ఎక్కిస్త. నీకు యాదికున్నది గద?"

ఎందుకు లేదు? నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. సంపత్ ఫోన్ ముఖం ముందు పట్టుకున్నాడు. వందన గొంతు సవరించుకుంది.

"అవ్వలారా, అక్కలారా, వదినెలారా..."

గొంతు అప్పటిలా లేదు. లావైంది. అయినా ఆగకుండా చదివింది. చద్దర్లు, తువ్వాలలు, లుంగీలు. పట్టి చూడుండ్రి, గుంజి చూడుండ్రి. ఫోన్ జెయ్యుండ్రి దాకా వచ్చి, నంబరు దగ్గర ఆగిపోయింది.

తన నంబరు చెప్తే మళ్లీ మొదటికి వచ్చినట్టే. ఫోన్లు వస్తాయి. తను రోజులు చెప్తుంది, ఆయన పోతాడు. ఇట్లాగే ఇంకో ఆరేండ్లు, ఇద్దరిలో ఒకరు పోయేదాకా.

"చెప్పు, చెప్పు, నడుస్తున్నది," అన్నాడు సంపత్ గుసగుసగా.

"ఆపు మామా. బాపు నంబరెంత?"

"నీ తాన లేదా?"

వందన తల వంచుకుంది. ఆయన నంబరును జాలీ తలుపు తీయని రోజే చెరిపేసింది. మళ్లీ ఎవరినీ అడగలేదు. సంపత్ ఇంకో మాట అనకుండా నంబరు చెప్పాడు. దుకాణం వెనుక, వైర్ల చుట్టలు పేర్చిన చోట నిలబడి వందన ఫోన్ చేసింది.

"హలో, ఎవలు?"

ఆడగొంతు. నర్సవ్వ. వందనకు పెట్టేయాలనిపించింది. పెట్టేయలేదు.

"నేను. వందనను."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"జగిత్యాల వందననా?"

"ఆఁ. బాపు ఉన్నడా?"

"ఉన్నడు, ఈడనే మంచంల ఉన్నడు. గని మాట్లాడడు బిడ్డా. గొంతు మొత్తమే వడ్డది. అరిసి అరిసి ఎటుగాకుండ జేసుకున్నడు. డాక్టరు పది దినాలు నోరు తెరువద్దన్నడు." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు జెప్పు. చెవికాడ వెడుత. ఇంటడు."

ఏదో రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఊపిరి. ఆ ఊపిరి తండ్రిదేనని చెప్పనక్కరలేదు.

ఆరేండ్ల మాటలు వందన నోట్లోకి ఒక్కటీ రాలేదు. తిట్టినా జవాబు చెప్పలేని మనిషి. ఏడిస్తే ఊరుకో అనలేని మనిషి. ఏం మాట్లాడాలి?

"బాపు," అంది. "మేడిపల్లి నీలక్క నీ అరుపు ఇని గుమ్మడికాయలోడు అనుకున్నదట."

ఊపిరి ఒక్కసారి తెగి మళ్లీ అందుకుంది. నవ్వో, దగ్గో.

"గొంతు మంచిగయ్యేదాక ఏ ఊరికి వోకు. ఎవలన్న నన్నడిగితె పండుగ దాటినంక అని జెప్త. వానల తిరగకు. నేను... నేను రోజు జెప్పినా సరే, వాన వడితె పోకు. నాకెరుక లేదు బాపు నువ్వు పోతున్నవని. ఎవలు జెప్పలే నాకు."

ఊపిరి.

"గొంతు మంచిగైనంక, ఈ వచ్చే బుధవారం కాదు, పై బుధవారం జగిత్యాల రా. మా గల్లీల అందరికి చద్దర్లు గావాలె." అది అబద్ధం. ఆ గల్లీలో ఆమెను చద్దర్లు అడిగినవాళ్లు ఎవరూ లేరు. "నాకు గావాలె. చిన్నమ్మను సుత తోల్కరా."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. వచ్చింది. అవతల ఊపిరి చప్పుడు దూరమైంది. మళ్లీ నర్సవ్వ.

"హలో బిడ్డా."

"ఇన్నడా?"

"ఇన్నడు."

"ఏమన్నడు? తలకాయ ఊపిండా?"

"లేదు బిడ్డా. అటు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. దుప్పటి మీదికి గుంజుకున్నడు. నేనేమని జెప్పాలె నీకు?"

"ఏం జెప్పకు. పై బుధవారం అని మల్లొకసారి యాదిజెయ్యి."

"చేస్త," అంది నర్సవ్వ. తర్వాత ఇంకేదో అడగబోయి, అడగకుండానే పెట్టేసింది.

సంపత్ బయట ఎవరికో డీజే బాక్సు అద్దె చెప్తున్నాడు. ఆయనకు బేరం కుదిరేదాకా వందన వైర్ల మధ్యనే నిలబడి, ఆ నంబరును పేరు పెట్టి దాచుకుంది. బాపు అని రెండక్షరాలు. రికార్డింగులో నంబరు సంగతి పై బుధవారం దాటాక చూద్దామని సంపత్‌కు చెప్పి బయల్దేరింది.

జగిత్యాల బస్సులో కిటికీ పక్కన జాగా దొరికింది. మేడిపల్లి దాటుతుంటే పొద్దు వాలుతోంది. ఇండ్ల ముందు ఆడవాళ్లు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో నీల ఎవరో వందనకు తెలియదు, ఎన్నడూ చూడలేదు. రోడ్డు మీద ఒక ట్రాలీ ఆటో ఎదురొచ్చింది. ఉల్లిగడ్డలది. అది మలుపు తిరిగేదాకా తల తిప్పి చూసి, పై బుధవారానికి ఇంకా ఎంత దూరముందో అనుకుంటూ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. చలి మొదలైంది.